ఉప్పు మడుల దగ్గర ఆగే లారీ

మా అక్క మొగుడు నౌపడ ఉప్పు లారీ నడిపేవాడు. ఉప్పు మోసే డ్రైవర్లకి ఒక అలవాటుంటుంది. చేతిలోకి ఏ లోహపు వస్తువొచ్చినా ముందు దానికి గ్రీజు ఉందా లేదా అని చూస్తారు. ఉప్పు మడుల మీంచి వచ్చే గాలికి అక్కడ ఇనుము నిలవదు. బ్యాటరీ టెర్మినళ్ళకి గ్రీజు పెట్టకుండా బండిని నాలుగు రోజులు వదిలేస్తే తెల్లగా పొక్కు కట్టి స్టార్టు కానని మొరాయిస్తుంది. బావ ఆ అలవాటుని ఇంట్లోకి కూడా తెచ్చాడు. తలుపు గొళ్ళేనికి గ్రీజు, తాళంకప్పకి గ్రీజు, అక్క కత్తెరకి కొబ్బరినూనె. ఏ చెక్కపెట్టె తెరిచినా లోపల సామాన్లు జిడ్డుగుడ్డల్లో పసిపిల్లల్లా చుట్టి ఉండేవి. నేను ఆదివారాలు ఆమదాలవలసలో ప్యాసింజరెక్కి వాళ్ళింటికి వెళ్ళేవాణ్ణి. సాయంత్రం తిరిగి రైలెక్కేసరికి నా చొక్కాకి ఎక్కడో ఒకచోట జిడ్డు మరక ఉండాల్సిందే. దాని గురించి అక్క దగ్గర చాలాసార్లు సణిగాను.

నేను రైస్ మిల్లులో కంప్యూటర్ ముందు కూచునేవాణ్ణి. కాటా చీటీలు, బిల్లులు, ఎప్పుడైనా మిషను మొండికేస్తే దాన్ని విప్పి బాగుచెయ్యడం. మిల్లులో వేరే దిక్కు లేక నన్నే మెకానిక్ అనుకునేవాళ్ళు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి.

బావకి నీటికాసులు. అంటే కంటిలో ఒత్తిడి పెరిగి, చూపు అంచుల నుంచి మొదలుపెట్టి లోపలికి చీకటి కమ్ముకుంటూ వచ్చే జబ్బు. ఎదురుగా ఉన్నది కనిపిస్తూనే ఉంటుంది కాబట్టి మనిషికి అనుమానం రాదు. టెక్కలి సెంటర్లో ఒకరోజు ఎడమవైపు నుంచి వస్తున్న ఆటోని చూడకుండా లారీ తిప్పేశాడు. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ బావ అక్కడే బండి పక్కకి తీసి, దిగి, ఓనరుకి ఫోన్ చేసి ఇంకో డ్రైవర్ని పంపమన్నాడు. ఆ తరవాత లారీ ఎక్కలేదు. అప్పటికే ఎడమ కన్ను దాదాపు పోయింది. కుడి కంట్లో మధ్యన ఒక గుండ్రటి ముక్క మిగిలింది. పోయిన చూపు రాదనీ, ఉన్నది ఎన్నాళ్ళుంటుందో చెప్పలేమనీ, చుక్కలు మాత్రం మానొద్దనీ డాక్టరు చెప్పాడు. ఆ మాట అనేటప్పుడు ఆయన బావని కాకుండా నన్ను చూశాడు. నాకు ఒళ్ళు మండింది.

ఇంట్లో ఊరికే కూచుని బావ అందరి మీదా విసుక్కోవడం మొదలుపెట్టాడు. అప్పుడు నేను మిల్లులో పక్కన పడేసిన ఒక పాత కంప్యూటర్ని అడిగి తెచ్చి, దానికో స్టీరింగు, కాళ్ళ కింద పెడల్సు తగిలించి, లారీ నడిపే గేమ్ ఒకటి ఎక్కించాను. మొదటిరోజు బావ నవ్వాడు.

"ఏట్రా ఇది, సిన్నపిల్లలాట. గేరెయ్యగానే బండి కదిలిపోతన్నాది. బరువు తెలవద్దేటి?"

బరువు ఎక్కువ పెట్టే వీలుందని చూపించాను. నిండా లోడు పెట్టించుకుని ఆ పూటంతా లేవలేదు. తరవాత ఆదివారం వెళ్ళేసరికి అక్క గుమ్మంలోనే పట్టుకుంది.

"ఒరే, మీ బావ డూటీకెల్తన్నాడ్రా. అన్నం తినీసి లుంగీ ఇప్పి పేంటేసుకుంటన్నాడు. లుంగీతో బండి తోలకూడదంట. నా సుట్టాలొచ్చినా ఏసుకోని పేంటు."

ఎగతాళిగా అందిగానీ ఆమె మొహంలో చాలా నెలల తరవాత కళ కనిపించింది. నాకూ ధీమా వచ్చింది. చూపు తగ్గినవాడికి తెర నయమే. కావలసినదంతా ఎదురుగానే ఉంటుంది, పక్కనుంచి ఆటోలు రావు.

ఆ గేములో ఊళ్ళన్నీ ఎక్కడివో. కొన్నాళ్ళకి ఎవరో కుర్రాళ్ళు మన హైవేని అందులోకి ఎక్కించారని తెలిసి, దించి పెట్టాను. టెక్కలి దాటాక నౌపడ వైపు మలుపు, రైలు గేటు, అటూ ఇటూ ఉప్పు మడులు, అన్నీ చేశారు. బావ కుర్చీ ముందుకి లాక్కున్నాడు. మలుపు తిరిగాక బండి ఆపాడు.

"ఉప్పేదిరా?"

పాత గ్రాఫిక్స్ కార్డుకి అంత బొమ్మ చూపించే శక్తి లేదు. అన్నీ తగ్గించి పెడితేగానీ ఆ మ్యాపు తెరుచుకోలేదు. మడులున్నచోట బూడిదరంగు పలకలు పరిచినట్టుంది. ఆ మాటే చెప్పాను. బావ స్టీరింగుని చేత్తో నిమిరాడు.

"నిజం బండి ఇంక నాకెవడూ ఇవ్వడు. ఇదైనా, సూపున్నప్పుడే ఆ మడుల పక్కంట ఒక్క ట్రిప్పెయ్యాలిరా. అక్కడ పొద్దుటిపూట ఎలగుంటాదో నీకు తెల్దు."

కొత్త కార్డు కొందామని నేనే అన్నాను. విశాఖపట్నంలో ఒక షాపులో చెప్పి, కొరియరులో బావ ఇంటికే పంపించమన్నాను. ఆ వారమంతా మిల్లులో నా పని మీద నాకు ధ్యాస లేదు.

ఆదివారం వెళ్ళేసరికి డబ్బా తెరిచే ఉంది. కార్డు బల్లమీద, ఉతికిన తువ్వాలు మీద పడుకోబెట్టి ఉంది. కింది అంచున ఉండే బంగారు రంగు పళ్ళ వరస తళతళలాడుతోంది. కొత్తది కదా అనుకున్నాను. కరెంటు లేదు. కిటికీ దగ్గర వెలుతుర్లో పాతది తీసి, కొత్తది స్లాట్లో కూచోబెట్టి, మరలు బిగించాను. కరెంటు వచ్చేదాకా ముగ్గురం దాని చుట్టూ కూచున్నాం. అక్క పకోడీలు వేసింది.

తెర వెలిగి మ్యాపు తెరుచుకోగానే బావ స్టీరింగుని రెండు చేతులా పట్టుకున్నాడు. ఆకాశం ఆకాశంలా ఉంది. లారీ అద్దంలో చెట్లు కనిపిస్తున్నాయి. బండి కదిలింది, ఆగింది, ఎగిరి ముందుకి పడింది, మళ్ళీ ఆగింది. బొమ్మ ఆగినప్పుడల్లా ఇంజను చప్పుడు కూడా తెగిపోయేది. పాత కార్డు మీద బొమ్మ మసకగా ఉన్నా బండి తిన్నగా నడిచేది. కొత్తదాంతో బొమ్మ బ్రహ్మాండంగా ఉండి బండి నడవలేదు. మడులు దగ్గరపడేకొద్దీ మరీ ఎక్కువ. మలుపు దగ్గర పూర్తిగా బిగుసుకుపోయింది.

చూపు బాగున్నవాడికి అది వట్టి చిరాకు. బావకి అలా కాదు. ఆయన తెరని చిన్న కంతలోంచి చూస్తున్నాడు. లారీ ఒక్క క్షణం ఆగి ఇంకోచోట తేలితే, ఆ కంతని కదుపుకుంటూ మళ్ళీ రోడ్డు ఎక్కడుందో వెతుక్కోవాలి. వెతుక్కునేలోపు బండి పొలంలో ఉండేది.

"బండిదేనేట్రా తప్పు, నాదా?" అని అడిగాడు.

"బండిదే బావా," అన్నాను. అప్పటికి అది నిజమే.

ఇక అక్కడినుంచి నా ఆదివారాలన్నీ ఆ కంప్యూటర్ ముందే. కార్డుని నడిపే సాఫ్ట్‌వేర్ మొత్తం చెరిపి మళ్ళీ ఎక్కించాను. తెర వైరు సరైన చోటే పెట్టానా అని పదిసార్లు చూశాను. పవర్ సప్లై చాలలేదేమోనని మిల్లులోంచి పెద్దది తెచ్చి మార్చాను. ఊళ్ళో ఓల్టేజీ తక్కువని స్టెబిలైజరు పెట్టించాను. విండోస్ తీసేసి కొత్తగా వేశాను. ఇంటర్నెట్టులో అడిగితే ఒకడు ప్రాసెసర్ పాతదన్నాడు, ఒకడు మెమరీ చాలదన్నాడు, ఇంకొకడు ఆ గేమ్ ఆడటమే దండగన్నాడు. వాడెవడో కనబడితే చెంప పగలగొట్టాలనిపించింది. ప్రతిసారీ బావ పేంటు వేసుకుని వచ్చి కూచునేవాడు. ప్రతిసారీ మలుపు దాకా వెళ్ళి పొలంలో పడేవాడు. నా తల ప్రాణం తోకకొచ్చింది.

ఈలోగా ఇంట్లో వేరే సంగతులు కనబడుతున్నాయి. బావ మంచినీళ్ళ గ్లాసు బల్ల అంచు అవతల పెట్టేశాడు. ఎదురింటాయన పలకరిస్తే గొంతు వినేదాకా ఎవరో పోల్చుకోలేదు. అక్క ఆ గ్లాసు ముక్కలు ఏరుతూ నాకేసి చూసింది.  నేను తొందరపడాలని తెలిసింది.

చివరికి కార్డే పాడైందని తేల్చుకుని షాపుకి పంపించేశాను. స్లాట్లోంచి లాగేటప్పుడు వేలికి జిడ్డు తగిలింది. ఆ ఇంట్లో జిడ్డు తగలని వస్తువు ఏదుంది గనక. ప్యాంటుకి తుడుచుకుని డబ్బా మూసేశాను.

షాపువాడు దాన్ని చాలా రోజులు ఉంచుకున్నాడు. ఫోన్ చేస్తే ఇవాళ చూస్తాం, రేపు చూస్తాం. ఆ రోజుల్లోనే బావ కుడి కంట్లో ఒత్తిడి పెరిగి, పోటు భరించలేకపోతే విశాఖపట్నం తీసుకెళ్ళాం. ఆపరేషన్ చేశారు. నొప్పి తగ్గింది. కంత ఇంకా చిన్నదైంది. ఆస్పత్రి వరండాలో ఉండగానే షాపువాడు ఫోన్ చేశాడు.

"కార్డు క్లీన్ చేసి చూశామండీ. మా దగ్గర ఫుల్ స్పీడులో నడుస్తోంది. ఏ ప్రాబ్లమూ లేదు. మీ సిస్టమ్‌లోనే ఏదో ఉంది."

దుమ్ము తుడిచాడు కాబోలనుకున్నాను. అప్పుడే ఒక్కమాట, ఏం క్లీన్ చేశావయ్యా అని అడిగి ఉంటే సరిపోయేది. పక్కన అక్క ఏడుస్తోంది. సరే పంపించెయ్యండని పెట్టేశాను.

కార్డు మళ్ళీ కొరియరులో బావ ఇంటికే వచ్చింది. మళ్ళీ ఆదివారం. మళ్ళీ తువ్వాలు మీద పడుకోబెట్టి ఉంది. బిగించి, ఆన్ చేసి, లారీ ఎక్కించాను. కదిలింది, ఆగింది, ఎగిరిపడింది. నాకు నిజంగానే ఏడుపొచ్చింది. బావ నా భుజం కోసం చెయ్యి చాపితే అది మెడకి తగిలింది.

"ఒగ్గీరా. నీకు మాత్రం పనుల్లేవేటి. మనకి రాసిపెట్టి లేదనుకుందాం."

ఆయన అలా అనకుండా ఉంటే నేను ఆ పూట వదిలేసేవాణ్ణేమో. కోపమొచ్చింది. దేనిమీదో తెలీదు. కార్డు గురించిన వివరాలన్నీ చూపించే చిన్న ప్రోగ్రాం ఒకటి దించి, అంతవరకూ పట్టించుకోని గళ్ళన్నీ ఒక్కొక్కటే చదివాను. ఒక గడిలో అసలు సంగతి ఉంది. కార్డుకీ మదర్‌బోర్డుకీ మధ్య పదహారు లైన్లుండాలి. ఒక్కటే పనిచేస్తోంది. బొమ్మకి కావలసిన సరంజామా అంతా ఆ ఒక్క లైనులోంచే రావాలి. అందుకే మడుల దగ్గర, ఎక్కువ బొమ్మ కావలసినచోట, బిగుసుకుపోతోంది.

బావకి అది చెప్పగానే అర్థమైంది. "టోల్ గేట్లో ఒక్క లైనే తీసినట్టన్నమాట. మరి మిగతావి ఎవుడు మూసీసేడు?"

కంప్యూటర్ ఆపి, కార్డు లాగి, కిటికీ దగ్గరకి తీసుకెళ్ళాను. బంగారు పళ్ళ మీద సన్నటి పొర ఉంది. గోటితో గీరితే చుట్టుకుని వచ్చింది. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. లారీ వాసన. టార్చి వేసి స్లాట్లోకి చూస్తే లోపల అదే గ్రీజు, ఉప్పుదుమ్ము కలిసి, నల్లగా పేరుకుని ఉంది.

"బావా, దీనికేటి రాసేవు?"

"గ్రీజు," అన్నాడు. గొంతులో కాస్త గర్వం కూడా ఉంది. "కొత్త డబ్బాలోదే. మంచి గుడ్డెట్టి పల్సగా రాసేను. షాపు నుంచి తిరిగొచ్చినప్పుడు తడిమితే ఎవుడో తుడిసీసేడు. మల్లీ రాసేను."

 అన్ని ఆదివారాలు, ఆ పవర్ సప్లై, ఆ షాపు, కార్డు లేకుండా గడిచిపోయిన ఆ రోజులు, అన్నీ కలిసి నోట్లోకి వచ్చాయి. నీకెవడు చెప్పాడు రాయమని, ఇదేమైనా లారీ అనుకున్నావా, ఒక్క ముక్క నాతో అనడానికేం అని అరిచాను. వంటింట్లోంచి అక్క పరుగెత్తుకొచ్చి గుమ్మంలో నిలబడిపోయింది.

బావ నా వైపు అనుకుని, నేను లేని కిటికీని చూస్తూ చెప్పాడు.

"టెర్మినళ్ళు కావేటిరా అవి? కరెంటు పోయేవే కదా. ఈ గాలికి నెల్లాళ్ళాగవు, తుప్పట్టిపోతాయి. నా కళ్ళకంటే ముందు అది పోకూడదని రాసేను."

కార్డు బల్లమీద పెట్టాను. మొహం కడుక్కుని వచ్చాను. అక్క ఊళ్ళోకెళ్ళి మందుల షాపులో స్పిరిట్ తెచ్చింది. మెత్తటి బ్రష్షుతో పళ్ళ వరస కడిగాను. స్లాట్లో ఒక్కొక్క గాడీ దువ్వాను. ఆరబెట్టి, కూచోబెట్టి, ఆన్ చేశాను. గడిలో పదహారు అని పడింది. ఇన్నాళ్ళూ మొహంవాచి ఎదురుచూసిన అంకె అది. సంతోషించాలి. అక్క అయితే దణ్ణం పెట్టింది.

బావ లోపలికెళ్ళి పేంటు వేసుకుని వచ్చాడు. ఒక బొత్తాం తప్పి పెట్టుకున్నాడు. అక్క సరిచేసింది.

లారీ బయల్దేరింది. ఎక్కడా ఆగలేదు. హైవే మీద బావ బాగానే నడిపాడు, తిన్నటి రోడ్డు కాబట్టి. నేను పక్కన స్టూలు మీద కూచుని, లారీ అద్దంలో వెనక్కి పోతున్న చెట్లని చూస్తున్నాను. అంత అందంగా ఉంటుందని నేనూ అనుకోలేదు. నౌపడ మలుపు దగ్గర ఆయన స్టీరింగు తిప్పాడు. లారీ తిరగాల్సిన దానికంటే ముందే తిరిగి, రోడ్డు దిగి, గట్టు మీదెక్కి నిలబడింది.

"రోడ్డు పోనాదిరా," అన్నాడు.

వెనక్కి తీసి రోడ్డెక్కించి ఇచ్చాను. మళ్ళీ దిగిపోయింది. మూడోసారి కూడా. తెర మూలన, సెకనుకి ఎన్ని బొమ్మలు పడుతున్నాయో చూపించే అంకె చూశాను. కొండలా కదలకుండా ఉంది. బండి ఎక్కడా తడబడలేదు.

"ఇంకా ఆగుతంది బావా," అని అబద్ధమాడాను. "ఇంకో లైనేదో మూసుకున్నట్టుంది. వచ్చే ఆదివారం చూస్తాను."

బావ స్టీరింగు మీంచి చేతులు తీశాడు. తల కొంచెం పక్కకి వంచి విన్నాడు. ఎన్నో ఏళ్ళు ఇంజను చప్పుడు మీదే బతికిన మనిషి.

"సౌండు తెగడం లేదు కదరా," అన్నాడు. "బండి బాగున్నాది."

అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. నేను బావ కుర్చీ చేతిని గీరుతూ కూచున్నాను. బావ లేచి, బల్ల అంచు పట్టుకుని చుట్టూ తిరిగి వచ్చి, నన్ను స్టూలు మీంచి లేపాడు.

"నువ్వు కూసో. నాను కిలీనర్ని."

నేను నడిపాను. నాకు లారీ నడపడం రాదు, గేరు మార్చినప్పుడల్లా బండి గొణిగేది. ఇంకోరోజైతే బావ నన్ను ఉతికి ఆరేసేవాడు. ఆ రోజు కిలీనరులా బుద్ధిగా కూచున్నాడు. రైలు గేటు దాటాం. ఒక్కసారిగా రెండు పక్కలా మడులు తెరుచుకున్నాయి. నీళ్ళలో ఆకాశం పడి ఉంది. గట్ల మీద ఉప్పు కుప్పలు తెల్లగా వరసలు కట్టి ఉన్నాయి. బావ మొహం తెరవైపే తిరిగి ఉందిగానీ కొంచెం పైకి, గోడ మీదికి చూస్తున్నాడు.

"వొచ్చీసేమా?"

"వచ్చేశాం బావా."

"ఉప్పుందా?"

"ఉంది. కుప్పలు పోసి ఉన్నాయి."

"తాటాకులు కప్పేరా? వాన పడితే కరిగిపోతాది."

ఆ మ్యాపు చేసినవాళ్ళకి ఆ సంగతి తెలీదు. కుప్పలన్నీ బోడిగా ఉన్నాయి. కప్పారని చెప్పాను.

"అయితే పరవాలేదు," అన్నాడు. "ఆపు. ఇక్కడే ఎడం పక్కకి ఆపు. లోడింగు ఇక్కడే."

ఆపాను. బావ చెయ్యి చాపి, తడుముకుని, హ్యాండ్ బ్రేకు తనే వేశాడు.  ఇంజను తిరుగుతూనే ఉంది. తరవాత కట్టేయమన్నాడు.

కంప్యూటర్ ఆపేశాక నేను స్క్రూడ్రైవరు బల్లమీద పెట్టి, రైలు టైమైందని లేచాను. బావ కూచోమన్నాడు. గోడ పట్టుకుని లోపలికి వెళ్ళి, కాసేపటికి డబ్బా ఒకటి, ఒక పాతగుడ్డ తెచ్చి నా చేతుల్లో పెట్టాడు. గ్రీజు డబ్బా.

"ఇంక దాన్ని తీసీరా. తోలని బండిని అలా ఒగ్గేస్తే పాడైపోతాది. గ్రీజు రాసి సుట్టీసి దాసీ. ఎవుడికైనా పనికొస్తాది."

 మరలు విప్పి కార్డు తీశాను. వేలితో కొంచెం గ్రీజు తీసి, మధ్యాహ్నమంతా స్పిరిట్ పెట్టి కడిగిన ఆ పళ్ళ మీదే రాశాను. గుడ్డ చుట్టబోతుంటే బావ చెయ్యి చాపాడు. ఇచ్చాను. అంచు పొడుగునా వేలితో మెల్లగా తడిమి, చివర ఒక చోట వదిలేశానని చెప్పాడు. అక్కడ కూడా రాశాను.